బెల్టు వెనక్కి తిప్పొద్దు

మా ఫోర్‌మన్ గారు పోయారు. గురువారం పొద్దున్న ఇడ్లీలు తిని, చెయ్యి కడుక్కుందామని లేచి, కుళాయి దాకా వెళ్ళకుండానే కూలబడిపోయారట. ఆయన కూతురు ఫోన్ చేసి, "అన్నయ్యా, నాన్న ఇంక నేరు" అంది. నాకు మొదట బుర్రకెక్కలేదు. ఆ మనిషి పోతే పెద్ద చప్పుడుతో పోవాలి కదా, ఇలా ఇడ్లీలు తిని పోవడమేమిటి అనిపించింది. ముప్ఫై ఏళ్ళు బొగ్గు బెల్టుల మధ్య బతికిన మనిషి. నా చెంప పగలగొట్టిన మనిషి. నాకొచ్చిన కాస్త విద్యనీ తన్ని మరీ నేర్పిన మనిషి.

ఆయన గురించి రాయాలంటే నా తప్పొకటి చెప్పాలి. అది దాచుకుని ఆయన మంచితనం గురించి నాలుగు మాటలు రాసి దండ వెయ్యడం నాకు చేతకాదు. చదివి తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి.

మా నాన్నగారు గోదావరి వైపు నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి కూర్మన్నపాలెంలో ఉండిపోయారు. నేను చదువయ్యాక ఆటోనగర్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. బొగ్గూ ఖనిజం మోసే పెద్ద పెద్ద బెల్టులుంటాయి చూడండి, వాటిని నడిపించే సాఫ్ట్‌వేర్ మేం తయారుచేస్తాం. ప్రోగ్రాం రాసేవాళ్ళు వేరు. దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాసేవాణ్ణి నేను. ఎవరూ చదవని పుస్తకాలు రాసే ఉద్యోగం అని మా ఇంట్లో నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

సాఫ్ట్‌వేర్‌ని ఒక్క ముద్దగా చెయ్యరు. ముక్కలుగా చేస్తారు. ఒక్కో ముక్క ఒక మాడ్యూల్. బెల్టు నడపడానికొకటి, తూకానికొకటి, మరమ్మతులకొకటి. నేను మాడ్యూల్‌కో పుస్తకం చొప్పున రాసి, కంప్యూటర్లో కూడా అలాగే సర్దాను. ఎవరు ఏ మాడ్యూల్‌లో పనిచేస్తారో వాళ్ళకి ఆ పుస్తకమే తెరుచుకుంటుంది. పక్కవాడి పుస్తకం తెరవబోతే తెర మీద ఒక వాక్యం వస్తుంది: "ఈ విషయం చూడటానికి మీకు అనుమతి లేదు." ఆ వాక్యం కూడా నేను రాసిందే. ఎంత మర్యాదగా రాశానో అని మురిసిపోయాను కూడా, సిగ్గు లేకుండా.

ఇక పదకొండేళ్ళ కిందటి ఆ రోజు సంగతి. తర్వాత ఆయన నోటా, యార్డు వాళ్ళ నోటా విన్నది చెబుతున్నాను. పోర్టు దగ్గర ఒక ప్రైవేటు బొగ్గు యార్డు, పేరు అనవసరం. ఆయన అక్కడ ఫోర్‌మన్. పొద్దున్న పదిన్నర అవుతోంది. అప్పలరాజు అనే బెల్టు హెల్పరు, పాతికేళ్ళవాడు, బెల్టు చివర అది చుట్టుకుని తిరిగే డ్రమ్ము దగ్గర పేరుకున్న బొగ్గుని పారతో లాగుతున్నాడు. బెల్టు పారని లాక్కుంది. వాడు పార వదిలేలోపే చెయ్యి కూడా లోపలికి పోయింది. బెల్టుకీ డ్రమ్ముకీ మధ్య మోచేతి పైదాకా నలిగిపోయింది. పక్కనున్నవాడు తాడు లాగి బెల్టు ఆపాడు. ఆగింది గానీ చేతిని వదల్లేదు. వాడి ఛాతీ ఇనప చట్రానికి అదుముకుపోయి ఊపిరి ఆడటం లేదు. మొదట్లో కేకలు పెట్టాడట. కాసేపటికి కేక పెట్టడానికి కూడా గాలి చాలలేదు.

పాత బెల్టులకైతే బిగింపు సడలించడానికి ఒక చేతిచక్రం ఉండేది. నాలుగు తిప్పులు తిప్పితే బెల్టు వదులైపోయేది. ముప్ఫై ఏళ్ళ అలవాటు కదా, ఆయన కాళ్ళు ఆ చక్రం ఉండాల్సిన చోటికే పరిగెత్తాయి. అక్కడ ఉత్త గోడ ఉంది. కొత్త బెల్టుకి చక్రం తీసేసి ఆ పని కంప్యూటరుకి అప్పగించారు. ఆయన క్యాబిన్‌లోకి దూకి కంప్యూటర్లో "బెల్టు బిగింపు" అని కొట్టారు. నా వాక్యం వచ్చింది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ వచ్చింది. మూడోసారీ వచ్చింది.

అచ్చు పుస్తకాలు మేనేజరు గదిలో అద్దాల బీరువాలో ఉన్నాయి. దసరాకి మిషన్లకి పూజ చేసినప్పుడు వాటికీ పసుపూ బొట్టూ పెట్టి, మసి అంటుకుంటుందని తాళం వేసి ఉంచేవారు. మేనేజరు బయటికెళ్ళాడు, తాళంచెవి అతని జేబులో ఉంది. ఈయన పిడికిలితో అద్దం బద్దలుకొట్టి బెల్టు పుస్తకం లాగారు. నెత్తురు కారే చేత్తో వెనక పేజీల్లో బిగింపు అన్న మాట వెతికితే, దాని ఎదురుగా నేనిలా రాసి ఉంచాను: "మరమ్మతు మాడ్యూల్ పుస్తకం చూడండి." ఆ పుస్తకం బీరువాలో లేదు. మరమ్మతులు చూసే కాంట్రాక్టరు ఆఫీసుకి పంపించాను. అది గాజువాకలో ఉంది.

అప్పటికి రాజు మొహం నల్లబడిపోయింది. ఫోర్‌మన్ గారు క్యాబిన్‌లోకి వెళ్ళి బెల్టుని వెనక్కి తిప్పారు. రాజు బయటికొచ్చాడు. చెయ్యి రాలేదు.

ఆ మధ్యాహ్నం మూడింటికి మా ఆఫీసు తలుపు కాలితో తన్ని లోపలికొచ్చారాయన. కుడిచేతికి తువ్వాలు చుట్టి ఉంది. చొక్కా మీద నెత్తురు, అందులో ఎంత తనదో ఎంత రాజుదో తెలియదు. "ఈ పుస్తకం రాసినోడెవుడ్రా?" అన్నారు. పదకొండు మంది ఉన్నాం. పదిమంది నా వైపు చూశారు. కుర్చీలోంచి సగం లేచానో లేదో, నా ఎడమ చెంప మీద పడింది దెబ్బ. పక్క బల్ల మీద పడి, అక్కణ్ణించి కింద పడ్డాను. మూడు రోజులు ఆ చెవిలో హోరు ఆగలేదు.

"మనిషి సచ్చిపోతంటే నీకు అనుమతి కావాలేటిరా? ఎవుణ్ణడగాల? నీ బాబునడగాలా?" అంటూ నెత్తురు మరకల పుస్తకం నా గుండెల మీదకి విసిరారు.

నాకు భయం వేసింది, కోపం కూడా వచ్చింది. నిజం చెప్పొద్దూ, నేనేం తప్పు చేశానో అప్పటికీ తెలియలేదు. లేచి కంప్యూటర్లో మరమ్మతు పుస్తకం తెరిచి, "ఇదిగోనండీ, మొత్తం ఉంది, రాయకపోతే కదా తప్పు" అని చూపించాను. ఆయన నిలబడే చదివారు. పెదాలు కదుపుతూ, ఒక్కో మాటే. మూడు మీటలు ఒకేసారి పది సెకన్లు నొక్కి పట్టుకుంటే బిగింపు వదిలేస్తుంది. ఆ మూడు మీటలూ ఆయన తెర మీదే ఉన్నాయి. నొక్కడానికి ఆయనకి అనుమతి ఉంది. ఎలా నొక్కాలో చదవడానికి లేదు.

"మూడు మీటలా?" అన్నారు. "మూడు మీటలు నొక్కితే వొదిలీద్దునా?"

"అవునండీ."

ఆయన నేల మీద చతికిలబడిపోయారు. తువ్వాలు చుట్టిన చేత్తో నేలని కొట్టుకోవడం మొదలుపెట్టారు. "నా సేత్తో పీకీసినాన్రా! నా సేత్తో పీకించీసావురా నువ్వు!" అని ఒకటే అరుపు. తువ్వాలు తడిసి గచ్చు మీద ఎర్రటి అచ్చులు పడుతున్నాయి. అప్పుడు తెలిసింది నాకు నేనేం చేశానో.

మర్నాడు యార్డు మనుషులు ముప్ఫై మంది దాకా గొట్టాలూ కర్రలూ పట్టుకుని మా గేటు దగ్గరకొచ్చారు. కంప్యూటర్ల వల్లే రాజు చెయ్యి పోయిందని ఎవరో అన్నారట. అసలు సంగతి ఎవరికీ తెలియదు గానీ, చేసినవాణ్ణి బయటికి పంపమని అరుస్తున్నారు. మా ఎండీ వెనక గుమ్మంలోంచి జారుకున్నాడు. నేను స్టోర్ రూమ్‌లో అట్టపెట్టెల వెనక కూర్చున్నాను. కిటికీ అద్దాలు ఒక్కొక్కటే పగిలాయి. అప్పుడు వినబడింది ఆయన గొంతు. ఆ మూడు మీటల పేజీని కాగితం మీద అచ్చు తీసుకుపోదామని అంతకుముందే వచ్చి ఉన్నారు.

"ఆగండెహే! తిప్పింది నాను. ఈల్లకేటి సంబంధం? బెల్టు తిప్పిందెవుడు? నాను! కొట్టాలనుంటే నన్ను కొట్టండి."

వాళ్ళు కొట్టారు. ఆయన్ని కొట్టరనుకున్నాను, అంత పెద్దమనిషిని, వాళ్ళ ఫోర్‌మన్నే. కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నేను గోడ ఇవతలి నుంచి విన్నాను. విని కూడా బయటికి రాలేదు.

ఆసుపత్రిలో భుజానికి కట్టుతో పడుకుని ఉంటే వెళ్ళి కాళ్ళ మీద పడ్డాను. నిజం నేనే అందరికీ చెబుతానన్నాను. ఆయన మంచి చేత్తో నా జుట్టు పట్టుకుని మొహం పైకి లాగారు.

"నోరిప్పేవంటే నానే సంపీగల్ను. తెలిసినాదా? ఒక సెయ్యి పోనాది సాలు. నిన్ను కూడా ఇరగ్గొట్టీస్తే ఆ పుస్తకం మార్సీదెవుడు? ఆ తాళాలెక్కడెక్కడ ఏసినావో నీకే తెలుసు. ముందు అయి తియ్యి."

"మరి రాజుకి?"

"ఆడు నన్ను తిట్టుకుంటాడు. తిట్టుకోనీ. నానైతే కళ్ళెదురుగుంటాను. నువ్వెవుడివో ఆడికేటి ఎరిక? అగుపడనోడి మీద కోపం ఎట్టుకుంటే మనిషి పిచ్చోడైపోతాడు."

సరేనన్నాను. ఆ సరే అనడంలో ఎంత హాయి ఉందో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

భుజం కట్టు విప్పిన రోజు నుంచీ ఆయన షిఫ్టు దిగగానే మా ఆఫీసుకి రావడం మొదలుపెట్టారు. పుస్తకాల తాళాలు తియ్యడానికి ఎండీ మొదట ససేమిరా అన్నాడు. మాడ్యూల్ కొనుక్కోనివాడికి దాని పుస్తకం ఎందుకు చూపించాలి, అందరికీ అన్నీ తెరిచేస్తే ఎవడో ఏదో నొక్కేస్తాడు, ఇదీ అతని వాదన. ఫోర్‌మన్ గారు విన్నంతసేపు విని, ఎండీ మెడలో టై పట్టుకుని తలుపు సందులో పెట్టి తలుపు మూసేశారు. మెడ వంగిపోయి ఎండీ కొట్టుకుంటున్నాడు. "ఇప్పుడు బీరువా తాళమెక్కడుందో సెప్పు. అనుమతి నేదా? పోనీ గాజువాక ఎల్లి సూసొత్తాను, అందాకా ఓర్సుకో" అన్నారు తాపీగా. మేం నలుగురం కలిసి విడిపించాం. పోలీసుల్ని పిలుస్తానన్న ఎండీ, మెడ తడుముకుంటూ ఓ పావుగంట కూర్చుని, "సరే, తియ్యండి" అన్నాడు.

అలా పుట్టింది మా ఎర్ర పేజీ. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే, పేరూ పాస్‌వర్డూ అడక్కముందే వస్తుంది. ఎవడైనా చూడొచ్చు, స్వీపరైనా సరే. దాని మీద మాడ్యూళ్ళ పేర్లు ఉండవు. నేను అలవాటుకొద్దీ మళ్ళీ "బిగింపు నియంత్రణ మాడ్యూల్" అని రాయబోతే ఫోర్‌మన్ గారు కీబోర్డు లాగి గోడకేసి కొట్టారు.

"మాడ్యూలంటే నీకెరిక. ఆడికేటెరిక? ఆడికి బెల్టెరిక, నిప్పెరిక, నెత్తురెరిక. ఏటైనాదో అది రాయి."

ఏమైందో అదే రాశాం. మనిషి ఇరుక్కున్నాడు. నిప్పంటుకుంది. బెల్టు తెగింది. కరెంటు కొట్టింది. ఒక్కోదాని కింద ముందు చెయ్యకూడనిది, తర్వాత చెయ్యవలసింది. మొదటి దాని కింద నేను "బెల్టును వ్యతిరేక దిశలో నడపరాదు" అని రాశాను. ఆ కాగితం నాలుగు ముక్కలు చేసి నా టీలో వేశారు. "పెళ్ళి శుభలేఖ రాత్తన్నావేటిరా? బెల్టు వెనక్కి తిప్పొద్దు. అంతే రాయి." అంతే రాశాను. దాన్ని పెద్ద అక్షరాలతో అచ్చువేసి, మా సాఫ్ట్‌వేర్ ఉన్న ప్రతి యార్డులో, ప్రతి క్యాబిన్ గోడకీ నా చేతులతో నేనే అంటించి వచ్చాను. ఆ యార్డులో కూడా.

పాత పుస్తకాలన్నీ షెడ్డు వెనక డ్రమ్ములో వేసి ఆయనే అగ్గిపుల్ల గీశారు. రెండేళ్ళ నా రాత. ఏడుపొచ్చింది. "ఏడు, బేగి ఏడ్సీ. రేపట్నుంచి పనుంది" అన్నారు.

రిటైరయ్యాక మా దగ్గరే ఎనిమిదేళ్ళు పనిచేశారు. ఆయన ఉద్యోగానికి పేరేం పెట్టాలో తెలియక కాగితాల మీద సలహాదారు అని రాసేవారు. ఆయన చేసే పని మాత్రం ఇంకెక్కడా ఎవరూ చెయ్యరనుకుంటాను. నేను ఏ పేజీ రాసినా, సాఫ్ట్‌వేర్ ఎన్నడూ చూడని మనిషిని ఒకణ్ణి రోడ్డు మీంచి పట్టుకొచ్చేవారు. టైర్ల షాపువాడో, టీ కొట్టు ఆవిడో ఎవరో ఒకరు. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, "బెల్టులో మనిషున్నాడు. తియ్యి" అనేవారు. అని, ఖాళీ ఇనప పీపాని గొట్టంతో దడదడ బాదడం మొదలుపెట్టేవారు. బాదుతూ "ఓరి నాయనో, సచ్చిపోతన్నాన్రో" అని గొంతు చించుకుని అరిచేవారు. ఆ అరుపు నాటకం కాదు. ఎవరి అరుపో అది, ఆయన చెవుల్లోంచి పోనిది.

ఆ గోలలో కూర్చున్నవాడికి దారి దొరక్కపోతే తప్పు నాది. పేజీ చింపేసేవారు. "సల్లగా ఏసీలో కూకుని సదివితే అన్నీ అర్థమవుతాయిరా. మనిషి అరుత్తంటే సదవాల. అప్పుడు దొరికిందే పుస్తకం" అనేవారు. నా ఉద్యోగం గురించి నాకు తెలిసిందంతా ఈ మాటే. ఇంగ్లీషు కోర్సులు రెండు చేశాను, సర్టిఫికెట్లు కూడా ఉన్నాయి. వాటిలో ఈ ముక్క లేదు.

ఆయనతో మసలడం తేలికేం కాదు. బస్సులో పక్కనున్నవాడి చొక్కా చేతులు వదులుగా కనిపిస్తే చాలు, అడక్కుండా పైకి మడిచేసేవారు. వాడు వద్దంటే గుండీ తెంపేసేవారు. దాని మీద కూర్మన్నపాలెం జంక్షన్‌లో రెండుసార్లు కొట్లాట అయింది. మా పాప బారసాలకి వచ్చి, దాని గౌను చేతికున్న పొడుగాటి లేసు చూసి, ఉయ్యాల్లోంచి ఎత్తి ఆ లేసు పళ్ళతో పరపరా కొరికేశారు. మా ఆవిడ కెవ్వుమంది. ఆయన పాపని నా చేతిలో పెట్టి, "సెయ్యి బంగారం రా బాబూ" అన్నారు. ఆ ఒక్కసారే ఆయన గొంతు అంత మెత్తగా విన్నాను.

గాజువాకకి అవతల ఒక ఫ్యాక్టరీలో మొన్న వేసవిలో బెల్టు ఇంకో మనిషిని పట్టుకుంది. క్యాబిన్‌లో అప్పుడున్నది చేరి నాలుగు రోజులైన అమ్మాయి. ఎర్ర పేజీ చూసి మూడు మీటలు నొక్కింది. ఎముక విరిగింది గానీ చెయ్యి దక్కింది. ఆ కబురు నేను పరిగెత్తుకెళ్ళి చెబితే సంతోషిస్తారనుకున్నాను. ఆయన గొట్టం తీసుకుని ఆ ఇనప పీపాని సొట్టలు పడేదాకా బాదారు. ఈసారి అరవలేదు. బాదీ బాదీ గొట్టం పారేసి, "మరి మావోడిదో?" అన్నారు.

మావోడంటే రాజు. యార్డు వాళ్ళు రాజుకి గేటు దగ్గర పని ఇచ్చారు. ఫోర్‌మన్ గారి సందులోనే, నాలుగిళ్ళ అవతల ఉంటాడు. ఇద్దరూ మాట్లాడుకోరని నాకు తెలుసు. ఆయన వీధిలోకి వస్తే రాజు తల తిప్పుకుని లోపలికెళ్ళిపోయేవాడు. చెయ్యి పోయినవాడికి ఆ కోపం ఉండదా అనుకుని ఊరుకున్నాను. ఇప్పుడు నిజం చెబితే నన్నెవరూ గొట్టాలతో కొట్టరు, తాళాలన్నీ తీసేశాను, పుస్తకం మారిపోయింది. చెప్పొచ్చు. అయినా చెప్పలేదు. ఆయన వద్దన్నారు కదా అనే సాకు పట్టుకుని పదకొండేళ్ళు గడిపేశాను.

శుక్రవారం మధ్యాహ్నం శ్మశానానికి వెళ్ళేసరికి చితికి నిప్పు పెట్టేశారు. పొడి కట్టెలు, ఎండ, గాలి. మంట ఒక్కసారిగా లేచింది. వెనక్కి తిరిగితే గేటు బయట రాజు నిలబడి ఉన్నాడు. ఖాళీ చొక్కా చేతిని మడిచి పిన్నీసు పెట్టుకున్నాడు. దగ్గరకెళ్ళాను.

"లోపలికి రా రాజూ. ఆఖరిసారి."

"రానండి. ఊరికే సూసెల్దామని వచ్చినాను."

"ఇంకా కోపమేనా? ఆయన తిప్పకపోతే ఊపిరాడక ఆ రోజే పోయేవాడివి."

"సెయ్యి పోనాదని కోపమనుకుంటన్నారా?" అన్నాడు రాజు. "ఆసుపత్రి నుంచొచ్చినాక ఆర్నెల్లు, ఆదోరం ఆదోరం ఆలింటికే ఎల్లేవోణ్ణి. మావా మావా అని. ఆయనే సేప ముల్లు తీసి కలిపెట్టీవోడు. నాకేటి కోపం? ఇంకో దారి నేక తిప్పినాడని నమ్మినాను."

"మరి ఎందుకు మానేశావు?"

"క్యాబిన్‌లో కాయితం అంటించినారు కదా. బెల్టు వెనక్కి తిప్పొద్దు, మూడు మీటలు నొక్కు అని. ఆ మాట ఎవురిదో నాకు తెల్దేటి? ఆయన రాయించిందేనని అందరూ సెప్పినారు. అది సదివినాక ఎల్లి అడిగినాను. మావా, ఈ దారి నీకు ఆ రోజు తెల్దా అని." రాజు గేటు చువ్వ పట్టుకున్నాడు. "తెల్దంటే సాలును. నమ్మీసీవోణ్ణి. తలొంచుకుని ఊరుకున్నాడు. అంటే ఏటి? తెలుసు. తెలిసే, కంగారులో నా సెయ్యి పీకీసినాడు."

ఆ కాగితం అంటించింది నేను. ఆ కాగితం మీద తేదీ వెయ్యాలని కూడా తోచలేదు నాకు. అది ఎప్పుడు పుట్టిందో, ఎవరి చెయ్యి పోతే పుట్టిందో ఎక్కడా లేదు. ఎప్పటినుంచో అందరికీ తెలిసిన సంగతిలా గోడ మీద ఉంది. ఆయన తెలియదని అంటే, ఎందుకు తెలియలేదన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న నా దగ్గరికి వస్తుంది. అందుకని తలొంచుకున్నారు. ఆదివారం ఆదివారం తన కంచం దగ్గరికొచ్చే మనిషిని నా కోసం వదులుకున్నారు.

"ఆయనకి తెలియదు రాజూ" అన్నాను. "మూడుసార్లు అడిగారు కంప్యూటర్ని. అనుమతి లేదంది. అద్దం పగలగొట్టి పుస్తకం తీశారు. అందులోనూ లేదు. ఆ పేజీ ఉంది, ఆయనకి కనపడకుండా తాళం వేసింది నేను. ఈ మాట నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టినంత పని చేశారు. నన్ను కొడతారని."

రాజు నా కాలరు పట్టుకుని గేటుకి అదిమాడు. ఒక్క చేతికి అంత బలం ఉంటుందని అనుకోలేదు. ఇనప చువ్వ నా వీపుకి ఒత్తుకుంది. కొడతాడనుకున్నాను, కొట్టాలని కోరుకున్నాను. కళ్ళలోకి చూశాడు. "పదకొండేళ్ళు" అన్నాడు. నన్ను వదిలేసి లోపలికి పరిగెత్తాడు.

మంట నిలువెత్తున ఉంది. జనం దూరంగా జరిగి నిలబడి ఉన్నారు. రాజు వాళ్ళని తోసుకుంటూ వెళ్ళి, "మావా! లెగు మావా! లెగెహే!" అని అరుస్తూ చితిలోంచి ఒక దుంగని ఇంకా అంటుకోని కొస పట్టుకుని ఇవతలికి లాగడం మొదలుపెట్టాడు. నిప్పురవ్వలు వాడి మొహం మీదకి లేచాయి. మడిచిన చొక్కా చెయ్యి అంచు కమిలింది. ఎవరో వాడి నడుం పట్టుకున్నారు, ఎవరో మెడ పట్టుకున్నారు, నేనూ వెళ్ళి పట్టుకున్నాను. అయినా లాగుతూనే ఉన్నాడు. నలుగురం కలిసినా, ఆ దుంగ నుంచి ఆ ఒక్క చేతిని విడిపించడం మా వల్ల కాలేదు.